మసి పొడి నుండి అచ్చు పొర వరకు

విజయవాడలోని బెంజ్ సర్కిల్ పేరు వినని ఆంధ్రులు అరుదు. చెన్నై నుండి కలకత్తా వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు మీదుగా వచ్చి మచిలీపట్నము చేరే 65వ నంబరు జాతీయ రహదారి ఒకదానినొకటి దాటేది ఈ కూడలిలోనే. వేసవి మధ్యాహ్నము ఇక్కడ పది నిమిషములు నిలబడినవారికి సూర్యుని శక్తిని గురించి వేరే ఉపన్యాసము అక్కరలేదు. చుట్టుపక్కల మేడల మీద సోలారు పలకలు ఇప్పుడు తరచుగా కనబడుతున్నవి. అవి దాదాపు అన్నీ సిలికాన్ పలకలే. సిలికానును 1,414 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగించి, స్ఫటికముగా పెంచి, పలుచని బిళ్ళలుగా కోసి వాటిని తయారు చేస్తారు. ఇందుకు పెద్ద కొలుములు, ఎంతో శక్తి కావాలి.

ఇంత శ్రమ లేకుండా సౌర ఘటమును కాగితము మీద అక్షరము వలె అచ్చు వేయరాదా? విజయవాడ అచ్చుపనికి పేరు మోసిన ఊరు కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడివారికి వింతగా తోచదు. పెండ్లి శుభలేఖల మీద బంగారు రంగు అక్షరములు వేసే స్క్రీన్ ప్రింటింగు పనిని చాలామంది చూసే ఉంటారు. బిగించి కట్టిన సన్నని వల, దాని మీద చిక్కని సిరా, ఆ సిరాను అదిమి లాగే రబ్బరు బద్ద, ఇంతే సరంజామా. ఈ పద్ధతితోనే, ఇంచుమించు ఇట్టి సరంజామాతోనే, పెరొవ్‌స్కైట్ అనే పదార్థముల సౌర ఘటములను గత పది పన్నెండు సంవత్సరములుగా ప్రయోగశాలలలో అచ్చు వేస్తున్నారు. పొరను ఆరబెట్టడానికి నూరు డిగ్రీల ప్రాంతపు వేడి చాలును.

అయితే శుభలేఖకు, సౌర ఘటమునకు ఒక భేదమున్నది. శుభలేఖ బాగా పడినదో లేదో కంటితో చూసి చెప్పవచ్చును. ఘటపు పొర నల్లగా, నున్నగా ఆరినంత మాత్రాన పని ముగిసినదని చెప్పలేము. ఆ నలుపు లోపల ఏ స్ఫటికములు ఏర్పడినవి, అవి ఎంత పెద్దవి, ఏ దిక్కుకు తిరిగి ఉన్నవి, మధ్యలో కావలసిన పదార్థము గాక మరేదైనా మిగిలిపోయినదా అనే విషయములు కంటికి కనబడవు. వీటిని చెప్పగలిగిన సాధనము ఎక్స్ కిరణముల పరిక్షేపణము, అనగా ఎక్స్ కిరణములు పదార్థమునకు తగిలి చెదరిపోవడము. ఈ విద్యకు నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. అందులో ఒక ముఖ్య ఘట్టము పైన చెప్పిన మొదటి రహదారి చివర, కలకత్తాలో జరిగినది. మరొక ఘట్టములో రెండవ రహదారి మీది హైదరాబాదులో చదువుకొన్న ఒక రసాయన శాస్త్రజ్ఞుని పాత్ర ఉన్నది.

జర్మనీలో రాంట్జన్ 1895 నవంబరు 8వ తేదీన ఎక్స్ కిరణములను కనుగొన్న సంగతి విద్యార్థులకు తెలిసినదే. అవి కాంతి వంటి తరంగములా, లేక కణములా అనే వివాదము పదిహేడు సంవత్సరములు నడిచినది. 1912లో మ్యూనిక్ నగరములో లావే చెప్పిన ఊహను అనుసరించి ఫ్రీడ్రిక్, నిప్పింగ్ అనేవారు ఒక స్ఫటికము గుండా ఎక్స్ కిరణములను పంపగా, ఫోటో పలక మీద చుక్కల ముగ్గు పడినది. దీనితో ఒకేసారి రెండు సంగతులు తేలినవి: ఎక్స్ కిరణములు తరంగములు, స్ఫటికములోని పరమాణువులు వరుసలు తీరి ఉన్నవి. ఆ మరుసటి సంవత్సరము ఇంగ్లండులో బ్రాగ్ తండ్రి కొడుకులు ఉప్పు స్ఫటికపు నిర్మాణమును లెక్కగట్టి చూపారు.

బ్రాగ్ సూత్రము ఇంటర్మీడియెటు పుస్తకములలో ఉన్నదే. రెండు పరమాణు తలముల మధ్య దూరమును రెట్టింపు చేసి, కిరణము తలముతో చేసే కోణపు సైను విలువతో గుణిస్తే తరంగదైర్ఘ్యము, లేదా దాని పూర్ణ గుణిజము రావాలి. రాగి లక్ష్యము గల గొట్టము నుండి వచ్చే ఎక్స్ కిరణపు తరంగదైర్ఘ్యము 1.54 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రాము అనగా సెంటిమీటరులో పది కోట్లవ వంతు. ఈ సూత్రములో పాఠకులు గుర్తుంచుకోవలసినది ఒకటే: దూరము పెద్దదైతే కోణము చిన్నది, దూరము చిన్నదైతే కోణము పెద్దది. ముందు రాబోయే కథ అంతా ఈ తలక్రిందుల సంబంధము మీదనే నడుస్తుంది.

పెద్ద స్ఫటికము దొరకనప్పుడు దాని పొడితోనే పని జరపవచ్చునని డిబై, షెరర్ అనేవారు 1916లో చూపారు. పొడిలో కోట్ల కొలది చిన్న స్ఫటికములు అన్ని దిక్కులకు తిరిగి ఉంటవి. అందువల్ల చుక్కలకు బదులు పూర్తి వలయములు పడతవి. స్ఫటికములు మరీ సన్నమైతే వలయపు గీత లావవుతుంది. అచ్చు పొర కూడ ఒక విధముగా పొడియే గనుక ఇది మనకు పనికివచ్చే సంగతి.

స్ఫటికములు సరే, ద్రవముల మాట ఏమిటి? ద్రవములో పరమాణువులకు వరుస ఉండదు గదా! ఈ ప్రశ్నను కలకత్తాలో పట్టుకొన్నవారు రామన్ గారు. చంద్రశేఖర వేంకట రామన్ గారి బాల్యము, పాఠశాల చదువు విశాఖపట్నములో గడచినవి. కలకత్తాలోని బౌబజారు వీధి 210వ నంబరు ఇంటిలో ఉండిన ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో ఆయన కాంతి పరిక్షేపణము మీద పని చేస్తూ, అదే ఊపులో 1923లో కె. ఆర్. రామనాథన్ గారితో కలసి ద్రవములలో ఎక్స్ కిరణముల వివర్తనమును గురించి ఒక దీర్ఘ వ్యాసము ప్రకటించారు. రామన్ ఫలితము పేరు విన్న విద్యార్థులలో ఎక్కువమంది దానికి ఐదేండ్లు ముందటి ఈ వ్యాసము పేరు విని ఉండరు. ఇది విచారకరము.

వారు చెప్పినది అర్థము కావడానికి చంద్రుని వైపు చూడాలి. సన్నని మేఘము అడ్డు వచ్చినప్పుడు చంద్రుని అంటిపెట్టుకొని ఒక చిన్న రంగుల వలయము కనబడుతుంది. చంద్రునికి గుడి కట్టినదని పల్లెలలో అంటారు. (దూరముగా కనబడే పెద్ద గుడి వేరు. అది మంచు స్ఫటికములలో కాంతి వంగి పోవడము వలన కలిగేది. ఉపాధ్యాయులు ఈ రెంటిని కలపకుండా చెప్పడము మంచిది.) చిన్న వలయము నీటి బిందువుల వలన జరిగే వివర్తనము. బిందువు ఎంత సన్నమైతే వలయము అంత పెద్దది. మిల్లీమీటరులో ఏబదవ వంతు వ్యాసము గల బిందువులైతే చంద్రుని నుండి సుమారు రెండు డిగ్రీల దూరములో మొదటి చీకటి వలయము పడుతుంది. గాజు పలక మీద ముఖమునకు రాసుకొనే పౌడరును బహు పలుచగా చల్లి, చీకటి గదిలో దూరపు చిన్న దీపమును దాని గుండా చూస్తే తరగతిలోనే ఇట్టి వలయమును చూడవచ్చును.

ద్రవము గుండా ఎక్స్ కిరణమును పంపినా ఇట్టి గుడియే కడుతుంది. కాని ఒక తేడా ఉన్నది. వలయము వెలుగుగా ఉండి, దాని లోపలి భాగము, అనగా నేరుగా వచ్చే కిరణమునకు దగ్గరి ప్రాంతము, చీకటిగా ఉంటుంది. దీనికి రామన్, రామనాథన్ గారలు చెప్పిన కారణము సొగసైనది. చిన్న కోణములో చెదరే కిరణము పెద్ద దూరములను చూస్తుందని అనుకొన్నాము గదా. పెద్ద దూరముల మీద చూస్తే ద్రవము అంతటా ఇంచుమించు ఒకే సాంద్రతతో ఉంటుంది, ఎందుచేతననగా ద్రవమును నొక్కడము కష్టము. హెచ్చుతగ్గులు లేనిచోట చెదరడము కూడ ఉండదు. సన్నిహిత అణువుల మధ్య దూరము మాత్రము కొంత నియమముగా ఉండడము వలన వెలుగు వలయము ఏర్పడుతుంది.

అదే ప్రయోగశాలలో పి. కృష్ణమూర్తి గారు ఈ పనిని ముందుకు తీసుకొనిపోయారు. ఆయన ద్రవములతో పాటు జిగురు ద్రావణములను, సన్నని కర్బనపు పొడిని, అనగా మన దీపపు మసి వంటి దానిని, ఎక్స్ కిరణముల ఎదుట పెట్టి 1930 ప్రాంతమున ఫలితములు ప్రకటించారు. మసి విషయములో బొమ్మ తారుమారైనది. ద్రవములలో చీకటిగా ఉండే మధ్య భాగము ఇక్కడ వెలిగినది. కారణము ఇప్పుడు మనము ఊహించగలము. మసిలో కర్బనపు నలుసులు, వాటి మధ్య ఖాళీలు ఉన్నవి. నలుసు ఒకచోట, శూన్యము ఒకచోట ఉండడము వలన సాంద్రతలో పెద్ద హెచ్చుతగ్గులున్నవి. నలుసు వ్యాసము 200 ఆంగ్‌స్ట్రాములనుకొంటే చెదరిన కిరణము అర డిగ్రీ లోపల ముద్దగా కనబడాలి. స్ఫటికపు వరుసలతో నిమిత్తము లేకుండా, కంటికి, సామాన్య సూక్ష్మదర్శినికి అందని నలుసుల పరిమాణమును కొలవడానికి ఇది మార్గము. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికాలో వారెన్, ఫ్రాన్సులో గినియే ఈ మార్గమును బాట చేశారు. గినియే 1955లో ఫోర్నే అనే సహచరునితో వ్రాసిన గ్రంథములో ఈ విద్య తొలి పరిశీలనలను చెప్పేటప్పుడు కృష్ణమూర్తి గారి పేరు వస్తుంది. నేడు ప్రపంచమంతటా ‘చిన్న కోణ పరిక్షేపణము’ పేరుతో జరిగే పనికి మొదటి అడుగు ఒక కలకత్తా ఇంటిలో, మసి పొడి మీద పడినదన్న మాట.

ఆ రోజులలోనే ఆ ప్రయోగశాలకు కృష్ణా డెల్టా నుండి ఒక యువకుడు వెళ్ళాడు. బెంజ్ సర్కిల్‌కు ఎంతో దూరము కాని ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం గారు 1928లో రామన్ గారి వద్ద చేరారు. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చారు. ఆయన పేరు చెప్పడము మన జిల్లావాడనే అభిమానముతో కాదు. స్ఫటికపు సౌష్ఠవమునకు, దాని భౌతిక ధర్మములకు గల సంబంధమును గణితముతో తేల్చినవారిలో ఆయన ఒకరు. టి. వేంకటరాయుడు గారితో కలసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథమును ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో ప్రచురించినది. స్ఫటిక సౌష్ఠవమును గురించిన మరొక గ్రంథము 1966లో వెలువడినది. సౌష్ఠవము మారితే ఏ ధర్మములు మారతవి అనే ప్రశ్న మన అచ్చు పొరకు ప్రాణప్రదము. అది ఎట్లో కొంచెము ఆగి చూద్దాము.

ముందు పెరొవ్‌స్కైట్ పుట్టుపూర్వోత్తరములు చెప్పాలి. 1839లో ఉరల్ పర్వతములలో దొరికిన ఒక ఖనిజమును జర్మను శాస్త్రజ్ఞుడు గుస్తావ్ రోజ్ పరీక్షించి, పెరొవ్‌స్కీ అనే రష్యా ప్రముఖుని పేరు పెట్టాడు. అది కాల్షియం, టైటానియం, ఆక్సిజన్ల సమ్మేళనము. తరువాత అదే అమరిక గల పదార్థములన్నిటికి ఆ పేరే స్థిరపడినది. ఒక పెట్టెను ఊహించండి. పెట్టె నడుమ ఒక చిన్న లోహ అయాను, ఆరు ముఖముల మధ్య ఆరు అయానులు, ఎనిమిది మూలలలో ఎనిమిది పెద్ద అయానులు ఉంటవి. ఏ అయానులు ఇట్టి పెట్టెలో ఇముడుతవో వాటి పరిమాణములను బట్టి చెప్పే సూత్రమును గోల్డ్‌ష్మిట్ 1926లో ఇచ్చాడు. నడుమ సీసము, ముఖముల మీద అయొడిన్, మూలలలో మిథైల్ అమ్మోనియం అనే చిన్న కర్బన అయాను పెడితే మన సౌర ఘటపు పదార్థము సిద్ధము.

దీని చరిత్ర మందకొడిగా నడిచినది. సీసియం, సీసము గల ఇట్టి లవణములను అమెరికాలో వెల్స్ 1893లోనే తయారు చేశాడు. వాటి నిర్మాణమును, వెలుగు పడినప్పుడు వాటిలో విద్యుత్తు ప్రవహించడమును డెన్మార్కులో మోలర్ 1958లో ప్రకటించాడు. మిథైల్ అమ్మోనియం లవణమును జర్మనీలో వేబర్ 1978లో వర్ణించాడు. ఇవన్నీ పుస్తకములలోనే ఉండిపోయినవి. 2009లో జపానులో మియసాకా బృందము వారు ఈ లవణముతో సౌర ఘటము చేస్తే 3.8 శాతము వెలుగు మాత్రమే విద్యుత్తుగా మారినది. ఘటము లోపలి ద్రవములోనే లవణము కరగి కొన్ని నిమిషములలో చెడిపోయినది. 2012లో ద్రవమునకు బదులు ఘన పదార్థము వాడగానే సామర్థ్యము 10 శాతము ప్రాంతమునకు చేరినది. నేడు ప్రయోగశాలలోని చిన్న ఘటములలో అది 26 శాతము దాటినది. సిలికాను ఇంత దూరము నడవడానికి అర్ధ శతాబ్దము పట్టినది.

ఇక్కడ హైదరాబాదు దారి కలుస్తుంది. మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ గారు ఉస్మానియా విశ్వవిద్యాలయములో రసాయన శాస్త్రము చదివి, డాక్టరేటు పొంది, స్విట్జర్లాండులోని లోజాన్ నగరములో గ్రాట్జెల్ గారి ప్రయోగశాలకు వెళ్ళారు. టైటానియం డయాక్సైడు పొరకు రంగు పట్టించి విద్యుత్తు తీసే ఘటములకు 1993లో రుథీనియం రంగును రూపొందించినవారిలో ఆయన ముఖ్యులు. పెరొవ్‌స్కైట్ ఘటముల యుగము వచ్చిన తరువాత, 2013లో ఆ ప్రయోగశాల నుండి బుర్ష్కా మొదలగువారితో కలసి ఆయన ప్రకటించిన వ్యాసము మన కథకు కీలకము.

అంతకుముందు సీసపు అయొడైడును, మిథైల్ అమ్మోనియం అయొడైడును ఒకే ద్రావణములో కలిపి పూసేవారు. పొర ఒకచోట దట్టముగా, ఒకచోట బోసిగా వచ్చేది. 2013 పద్ధతిలో రెండు మెట్లున్నవి. మొదట పసుపుపచ్చని సీసపు అయొడైడు పొరను సూక్ష్మ రంధ్రములు గల టైటానియం డయాక్సైడు మీద వేయాలి. తరువాత దానిని రెండవ లవణపు ద్రావణములో ముంచాలి. క్షణములలో పసుపు పోయి పొర ముదురు రంగుకు తిరుగుతుంది. సామర్థ్యము 15 శాతము వచ్చినది.

రంగు తిరిగినది గనుక మార్పు పూర్తి అయినదా? ఇక్కడనే ఎక్స్ కిరణముల సాక్ష్యము కావలసి వచ్చినది. సీసపు అయొడైడులో పొరల మధ్య దూరము సుమారు 6.98 ఆంగ్‌స్ట్రాములు. బ్రాగ్ సూత్రములో వేసి చూడండి: రాగి ఎక్స్ కిరణము 12.7 డిగ్రీలు మళ్ళాలి. పెరొవ్‌స్కైట్‌లో ఆ దూరము 6.27, మళ్ళే కోణము 14.1 డిగ్రీలు. (బ్రాగ్ సూత్రములోని కోణము ఇందులో సగము, పరీక్షలలో విద్యార్థులు జారేది ఇక్కడనే.) కాబట్టి 12.7 వద్ద వలయము కనబడితే పాత పదార్థము ఇంకా మిగిలినదని అర్థము. రంధ్రములు గల పొరలో అది త్వరగా మాయమైనది. నునుపైన పొరలోనో, చాలాసేపు ముంచి ఉంచినా కొంత మిగిలిపోయినది. పైన నల్లని తోలు, లోపల మారని పసుపు! కన్ను తోలును చూసి మోసపోతుంది. ఎక్స్ కిరణము లోపలికి పోయి చెప్పుతుంది.

అచ్చు పొర దగ్గరికి వచ్చేసరికి చిక్కు మరింత పెరుగుతుంది. గోదావరి సీమలో పూతరేకులు తీయడము చూసినవారికి ఇది సులభముగా బోధపడుతుంది. పలుచని పిండినీళ్ళలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద ఒకసారి లాగితే క్షణములో కాగితము వంటి రేకు లేస్తుంది. పిండి చిక్కదనము, కుండ వేడి, లాగిన వేగము మూడూ కుదరాలి. ఏది తప్పినా రేకు చిల్లులు పడుతుంది. సౌర ఘటపు సిరా గతి ఇదే. అయితే పూతరేకు కన్న దాని పొర ఎంతో సన్నము, సుమారు అర మైక్రాను, అనగా సామాన్యమైన కాగితపు మందములో రెండు వందల వంతులలో ఒక వంతు. అంత పలుచని పొర గుండా ఎక్స్ కిరణమును నిలువుగా పంపితే అది దాదాపు ఏమీ తగలనట్లే దాటిపోతుంది.

దీనికి ఉపాయము తాకీ తాకనట్లు పంపడము. కాలువ నీటి మీద పెంకును ఏటవాలుగా విసిరితే అది మునగక జారిపోతుంది గదా. ఎక్స్ కిరణమును బహు స్వల్ప కోణములో నునుపైన తలము మీదికి పంపితే అది పూర్తిగా పరావర్తనము చెందుతుందని కాంప్టన్ 1923లో చూపాడు. అది రామన్, రామనాథన్ గారల వ్యాసము వెలువడిన సంవత్సరమే. ఈ జారుడు కిరణముతో పలుచని పొరల స్ఫటికములను పరీక్షించడము 1979లో అమెరికాలో మారా, ఐసెన్‌బర్గర్, చో అనేవారితో మొదలైనది. లెక్క చూడండి. కోణము 0.2 డిగ్రీ అనుకొంటే అర మైక్రాను పొరలో కిరణము నడిచే దూరము 143 మైక్రానులు, అనగా నిలువుగా పోయినప్పటి కన్న 286 రెట్లు. మిల్లీమీటరులో పదవ వంతు ఎత్తు గల కిరణము పొర మీద 29 మిల్లీమీటర్ల పొడవున పరచుకొంటుంది. అంత మేర పొర చెప్పే సంగతి ఒకే చిత్రములో దొరుకుతుంది.

ఆ చిత్రములో వలయము నిండుగా ఉంటే స్ఫటికములు గుమ్మరించిన నాణెముల వలె అన్ని దిక్కులకు పడి ఉన్నవని, వలయము తెగి ఒకచోట చాపముగా చిక్కబడితే అవి దొంతి పెట్టినట్లు ఒకే దిక్కుకు తిరిగి ఉన్నవని అర్థము. విద్యుత్తు పొరకు అడ్డముగా, ఒక ముఖము నుండి రెండవ ముఖమునకు పోవాలి గనుక ఈ దిక్కు ముఖ్యము. పొరలు పొరలుగా ఉండే పెరొవ్‌స్కైట్లలో దొంతి అడ్డము తిరిగితే విద్యుత్తుకు గోడ కట్టినట్లే.

సింక్రోట్రాన్ అనే యంత్రముల నుండి వచ్చే ఎక్స్ కిరణములు మరెంతో తీక్షణమైనవి. మన దేశములో ఇండోరు వద్ద 250 కోట్ల ఎలెక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఇండస్-2 అట్టిదే. కలకత్తాలో నాడు గంటల తరబడి పట్టిన చిత్రము ఇట్టి యంత్రముల వద్ద సెకనులో కొద్ది భాగములోనే దొరుకుతుంది. అందువల్ల సిరా ఆరుతుండగానే వరుసగా చిత్రములు తీయవచ్చును. మొదట సిరా తడిగా ఉన్నప్పుడు లావుపాటి మసక వలయము కనబడుతుంది. అది ద్రవపు గుడి, 1923 నాటి చిత్రమే. సిరాలో కూడుకొన్న సీసపు అయొడైడు ముద్దలు చిన్న కోణములో వెలుగు చూపుతవి. అది కృష్ణమూర్తి గారి మసి చిత్రము. ద్రావకము తగ్గుతూ ఉంటే పది డిగ్రీల లోపల సన్నని వలయములు పుడతవి. ఇవి లవణము, ద్రావకము కలసి కట్టిన తాత్కాలిక స్ఫటికములు. చివరకు అవి మాయమై 14.1 వద్ద పెరొవ్‌స్కైట్ వలయము నిలుస్తుంది. నూరేండ్ల చరిత్ర ఒక నిమిషములో తెర మీద నడిచిపోయినట్లు ఉంటుంది. ఇందులో ఏ మెట్టు తొందరపడినా, ఏది ఆలస్యమైనా పొరలో చిల్లులు, మిగులు పసుపు తప్పవు. బద్దను ఎంత వేగముగా లాగాలి, ఎప్పుడు గాలి ఊదాలి, ఎప్పుడు వేడి చేయాలి అనేవి ఈ చిత్రములు చూసి నిర్ణయిస్తారు.

స్క్రీన్ ప్రింటింగుతో టైటానియా, జిర్కోనియా, కర్బనము అనే మూడు పొరలను వేసి, పై నుండి సిరాను ఇంకించే పద్ధతిని చైనాలోని వుహాన్ నగరమున హాన్ బృందము వారు 2014లో 12.8 శాతము సామర్థ్యముతో చూపారు. 2017లో జూలియా గ్రాన్చీని, నజీరుద్దీన్ గార్ల బృందము ఇట్టి అచ్చు పద్ధతిలోనే పది సెంటిమీటర్ల చదరపు పలకలను చేసి, మూతవేసి వెలుగులో పెట్టారు. సామర్థ్యము 11.2 శాతమే. కాని ప్రామాణిక పరిస్థితులలో 10,000 గంటలకు మించి అది తగ్గలేదు. అనగా ఏడాది దాటినది! మియసాకా ఘటము నిమిషములలో చెడిన సంగతి గుర్తు చేసుకొంటే దీని విలువ తెలుస్తుంది. సిరాలో మూడు శాతము మరొక అమ్మోనియం లవణము కలిపి, మామూలు పెరొవ్‌స్కైట్‌కు అంచున పొరల పెరొవ్‌స్కైట్ కవచము ఏర్పడునట్లు చేయడమే ఇందులోని కిటుకు. కవచము ఏర్పడినదో లేదో పరీక్షించడానికి చూడవలసినది చిన్న కోణములనే, ఎందుచేతననగా పొరల మధ్య దూరము పెద్దది. నా మట్టుకు 26 శాతము రికార్డుల కన్న ఈ 11.2 శాతము పలకయే ఎక్కువ ముఖ్యమని తోస్తుంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను, పొడి లోహశాస్త్ర పరిశోధన కేంద్రములోను ఇప్పుడు పెరొవ్‌స్కైట్ ఘటముల పని సాగుతున్నది.

ఇట్టి పలకను విజయవాడ మేడ మీద పెడితే ఏమవుతుంది? ప్రామాణిక పరిస్థితులు వేరు, మే నెల వేరు. ఎండలో పలక వేడి గాలి వేడి కన్న చాల ఎక్కువ. అరువది డిగ్రీలు దాటడము కద్దు. మిథైల్ అమ్మోనియం లవణము సుమారు 54 డిగ్రీల వద్ద రూపము మారుస్తుంది. అంతకు దిగువన దాని పెట్టె ఒక వైపు కొంచెము సాగి ఉంటుంది. పైన సరియైన ఘనమవుతుంది. అనగా సౌష్ఠవము పెరుగుతుంది. భగవంతం గారి గ్రంథముల ప్రశ్న ఇదే. సాగిన రూపములో 23.5 డిగ్రీల వద్ద కనబడే చిన్న వలయము ఘన రూపములో అదృశ్యమవుతుంది. కాబట్టి మన మేడ మీది పొర వేసవిలో రోజూ ఉదయము ఒక మారు, సాయంత్రము ఒక మారు ఈ గీత దాటుతుంది. మూలలలో ఫార్మమిడినియం అనే అయానును పెడితే ఈ బాధ తప్పుతుంది గాని, అది చల్లని స్థితిలో పనికిరాని పసుపు రూపమునకు జారిపోతుంది. కొంత సీసియం కలిపి దానిని నిలబెడతారు. ఇక్కడ కూడ కంటికి మోసమే. చెడిన సీసపు అయొడైడు పసుపే, ఈ రూపము పసుపే. మొదటిది 12.7 వద్ద, రెండవది 11.8 వద్ద వలయము చూపుతుంది. జబ్బు ఏదో తెలియకుండా మందు వేయలేము గదా.

వేడికి తోడు డెల్టా గాలిలోని తేమ ఉన్నది. తేమ తగిలితే లవణము విడిపోయి సీసపు అయొడైడు మిగులుతుంది. సీసము విషము. ఒక చదరపు మీటరు పలకలో ఎంత సీసమున్నదో విద్యార్థులే లెక్క వేయవచ్చును. అర మైక్రాను మందము గల పొర ఘనపరిమాణము అర ఘన సెంటిమీటరు. ఘన సెంటిమీటరుకు సుమారు 4 గ్రాముల సాంద్రత చొప్పున 2 గ్రాములు. అందులో మూడవ వంతు సీసము, అనగా సుమారు 0.7 గ్రాము. చూడ స్వల్పమే. కాని త్రాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 0.7 గ్రాము అంతా కరగితే 70,000 లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. మేడ మీది నీరు వీధి కాలువలోకి, అక్కడ నుండి పొలముల కాలువలలోకి పోయే మన ప్రాంతములో ఈ అంకెను తేలికగా తీసుకోరాదు.

అందుచేత పలకను రెండు గాజుల మధ్య పెట్టి అంచులు మూసివేస్తారు. ఆ మూతలో వెంట్రుకవాసి బీట పడినా తేమ అక్కడ నుండి నెమ్మదిగా లోపలికి పాకుతుంది. పలక ఇంకా నల్లగానే కనబడుతుంది. సింక్రోట్రాన్ నుండి సన్నని ఎక్స్ కిరణమును పలక అంచున పెట్టి, మిల్లీమీటరు చొప్పున నడిమికి జరుపుతూ పోతే, 12.7 డిగ్రీల వలయము ఎంత దూరము వరకు వచ్చి ఆగినదో కొలవవచ్చును.